బూజు గీకేసినా విషం పోదమ్మా

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మద్రాసు మాధవరంలో నాలుగు ఆవులతో పాల డైరీ పెట్టావని మీ అమ్మ చెబితే ఎంతో సంతోషించాను. ఆవులకు పెట్టే చెక్క, అదే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి, బస్తా వానకు తడిసిందని, ఎండబెట్టి వాడతానన్నావని కూడా చెప్పింది. ఆ బస్తా వాడకు తల్లీ.

ముప్ఫై ఏళ్ల కింద నేనూ అదే చేశాను. వేరుశనగ చెక్క గడ్డ కట్టింది. బూజు పెచ్చులు గీకి, మిద్దె మీద ఆరబోసి, తవుడులో కలిపి పెట్టాను. ఆవు పాలు తగ్గాయి. దూడ మేత ముట్టడం మానేసింది, చిక్కి శల్యమై చనిపోయింది. డాక్టరు గారు కోసి చూసి కాలేయం పాడైందన్నారు. ఆ దూడ కళ్లు ఇప్పటికీ గుర్తొస్తాయి.

బూజు చెక్కలోకి వదిలే ఆ విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం బూజు పట్టిన వేరుశనగ చెక్కేనని తేలింది. ఉడకబెట్టినా అది పోదు. ఆవు తిన్న విషంలో కొంత ఒక్కరోజులోనే పాలలోకి దిగుతుంది, కాచినా అలాగే ఉంటుంది. అందుకే మన దేశంలో కిలో పాలలో 0.5 మైక్రోగ్రాము మించకూడదని నియమం పెట్టారు. నీ పాలు తాగే ఇళ్లలో పసిబిడ్డలుంటారు. ఇప్పటికే ఆ చెక్క కొంచెం పెట్టి ఉంటే వెంటనే ఆపెయ్. మంచి మేత పడ్డాక మూడు నాలుగు రోజుల్లో పాలు తేరుకుంటాయి.

మద్రాసు గాలిలోనే తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పది రోజులకు సరిపడేంతే కొను, చవకని నెలది కొనకు. బస్తాలు నేలకు, గోడకు తగలకుండా చెక్క పలకల మీద పెట్టు. బస్తాలోకి చెయ్యి పోనిచ్చి చూడు, లోపల వెచ్చగా ఉంటే బూజు మొదలైనట్టే. కొనేముందు చెక్క విరిచి వాసన చూడు, ముక్కిన వాసనొస్తే వదిలెయ్. బూజు కనిపించకపోయినా విషం ఉండొచ్చు. పశువైద్య విశ్వవిద్యాలయం మీ మాధవరంలోనే ఉంది కదా, మేత పరీక్ష గురించి అక్కడ అడుగు. టాక్సిన్ బైండర్ పొడి కొంత విషాన్ని పట్టి ఉంచుతుందిగానీ, దాన్ని నమ్మి పాడైన మేత పెట్టకు.

తడిసిన బస్తాను పక్కింటి కోళ్లకూ ఇవ్వకు, బాతులకైతే అసలే వద్దు, అవి ముందు పోతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని గుంటలో పూడ్చెయ్. కొత్త బస్తాకు డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా ఫోన్ చెయ్, పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ