'తై' పాఠం రాస్తున్న తమ్ముడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పాఠం నిదానంగా చదివాను. జపనీస్‌ని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగులో నేర్పాలన్న నీ పట్టుదల నాకెంతో నచ్చింది. అందుకే 'ఫలానా పని చేయాలని ఉంది' అని చెప్పడం నేర్పే ఈ పాఠాన్ని ఇంకోసారి రాయమంటున్నాను.

నువ్వు పట్టికతో మొదలుపెట్టావు. తబెమస్ అంటే తింటాను. తబెమస్‌లో 'మస్' తీసి 'తై' చేరిస్తే తబెతై, తినాలని ఉంది. అలాగే నొమితై (తాగాలని ఉంది), ఇకితై (వెళ్ళాలని ఉంది). తినాలని లేకపోతే తబెతకునై, తినాలనిపించింది అంటే తబెతకత్త. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మర్యాదకు చివర 'దెస్' వస్తుంది గానీ మళ్ళీ 'మస్' రాదని ఒక్క ముక్క కలుపు. 'తబెతైమస్' అనేవాళ్ళు ఏ క్లాసులోనైనా ఉంటారు. వస్తువు కావాలంటే 'హొషీ' అనాలనీ చెప్పు: మిజు గ హొషీ దెస్, నీళ్ళు కావాలి. 'నాకు' అనే మన అలవాటు కొద్దీ 'వతషి ని' అంటారు, అక్కడ 'వతషి వ' అనాలి. 'మిజు గ నొమితై', 'మిజు ఒ నొమితై' రెండూ చెల్లుతాయి, దాని మీద పేజీ ఖర్చు పెట్టకు.

పట్టిక చదివితే మాట కట్టడం వస్తుంది. ఆ మాట ఎవరి గురించి, ఎవరి ముందు అనాలో రాదు. ఈ పాఠానికి ప్రాణం అదే. నీ రాతలో అది రెండు వాక్యాల్లో తేలిపోయింది.

'నాన్నగారు కాఫీ తాగాలనుకుంటున్నారు' అని మనం ఇట్టే అనేస్తాం. జపనీస్‌లో 'తై' ఎవరి మనసులో మాట వాళ్ళు చెప్పుకునేది. స్నేహితుణ్ణి అడగడానికి వాడుకోవచ్చు. అదే పై అధికారిని 'కోహీ గ నొమితై దెస్ క' అని అడిగితే వ్యాకరణం తప్పదు గానీ చనువు ఎక్కువైనట్టు ఉంటుంది. అక్కడ 'కోహీ వ ఇకగ దెస్ క' (కాఫీ తీసుకుంటారా?) అనాలి.

2019లో జపాన్ తొకుతే గినో వీసాలు, అంటే పనిలో నైపుణ్యం ఉన్న విదేశీయులకిచ్చే వీసాలు, మొదలుపెట్టింది. వృద్ధుల సంరక్షణ కూడా అందులో ఉంది. ఆ పనికి వెళ్ళాలని జపనీస్ నేర్చుకునే పిల్లలూ నీ పాఠం చదువుతారు. అలాంటి అమ్మాయి ఒకచోట డ్యూటీలో ఉందనుకో. ఒక పెద్దావిడ ఇవాళ స్నానం వద్దన్నారు. ఆ సంగతి తర్వాతి షిఫ్ట్ వాళ్ళకు చెప్పాలి. ఈ అమ్మాయి 'ఒఫురొ ని హైరితకునై దెస్' అని ఊరుకుంటే, స్నానం చేయాలని లేనిది తనకేనన్నట్టు ఉంటుంది. 'ఒఫురొ ని హైరితకునై తొ ఇత్తె ఇమస్' అనాలి. ఆవిడకు గౌరవం ఇస్తూ చెప్పాలంటే 'ఇత్తె' బదులు 'ఒష్షత్తె'. ఇక్కడ 'తొ' అచ్చంగా మన 'అని'. 'చేయాలని లేదు అని అంటున్నారు': మాటల వరస కూడా మనదే. తెలుగు పాఠకుడికి ఇంత దగ్గరి దారి ఉండగా దాన్ని వదులుకోవద్దు. 'హైరితగత్తె ఇమస్' (స్నానం చేయాలని ఉన్నట్టుంది) అనే రూపం కూడా ఉంది. అది ఎదుటివాళ్ళ వాలకం చూసి చెప్పేది. పసిపిల్లల గురించైతే బాగుంటుంది, పెద్దవాళ్ళ గురించి అంటే మర్యాద తగ్గుతుంది.

ఉచ్చారణ తెలుగు లిపిలో ఇవ్వడం మంచి పని. మనకు హ్రస్వం, దీర్ఘం విడివిడిగా రాసుకునే వీలుంది. బిరు అంటే భవనం, బీరు తాగేది. దీర్ఘం ఒక్కచోట పడిపోయినా అర్థం మారిపోతుంది కాబట్టి ప్రూఫ్ నువ్వే చూసుకో.

మొదటి వాక్యంగా పట్టిక బదులు 'ఎకి ఎ ఇకితై న్ దెస్ గ' పెట్టు. 'స్టేషన్‌కి వెళ్ళాలండీ, అయితే...' అని మధ్యలో ఆపడం అది. దారి చెప్పమని విడిగా అడగనక్కర్లేదు, వినేవాళ్ళు అందుకుంటారు. సెలవు కావాలన్నా అంతే, 'యసుమితై న్ దెస్ గ'. వచ్చినరోజే వీధిలో పనికొచ్చే మాట దొరికితే పాఠకుడు పట్టిక దాకా తనే వస్తాడు. ఆ వరసలో తిరగరాసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అక్కయ్య