దూది తాకితే ఒళ్లు జలదరిస్తోంది... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ దూది, వెల్వెట్, థర్మాకోల్ తాకితే ఒళ్లు జలదరించి, పళ్లు జివ్వుమంటాయి. దుస్తుల మెడ దగ్గరి లేబుల్ రోజంతా గుచ్చుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు మొండితనం అంటున్నారు. దీనికి చికిత్స ఉందా? - ఓ సోదరి

జవాబు: మీది మొండితనం కాదమ్మా. దుస్తులు వేసుకున్న కాసేపటికే వాటి స్పర్శను పట్టించుకోవడం మెదడు మానేస్తుంది. కొందరిలో ఇలా అలవాటుపడే గుణం తక్కువగా ఉండటం వల్ల ఉదయం గుచ్చిన లేబుల్ సాయంత్రానికీ గుచ్చుతూనే ఉంటుంది. నిద్ర చాలనప్పుడు, ఆందోళనగా ఉన్నప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య) ఉన్నవారిలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపించే మాట నిజమే గానీ, అవేవీ లేనివారిలోనూ ఉంటుంది కాబట్టి ఈ ఒక్క లక్షణాన్ని చూసి మీకు మీరే ఏ జబ్బు పేరూ తగిలించుకోవద్దు.

ఇలాంటివారిలో చాలామందిని తగిలీ తగలనట్టుండే స్పర్శే ఎక్కువగా బాధిస్తుంది, గట్టి ఒత్తిడిని తేలిగ్గానే ఓర్చుకుంటారు. అందుకని తాకక తప్పని వస్తువును వేలికొసలతో కాకుండా అరచేతితో గట్టిగా పట్టుకోండి, ఆ వెంటనే రెండు చేతులూ ఒత్తి రుద్దుకోండి. పొడిబారిన చర్మానికి పోగులు మరింతగా తగులుకుంటాయి కాబట్టి చేతులకు మాయిశ్చరైజర్ రాసుకోవడం చిన్న విషయమే అయినా బాగా ఉపయోగపడుతుంది. లేబుల్‌ను కత్తెరతో కత్తిరిస్తే మిగిలిన అంచు ఇంకా గుచ్చుతుంది, కుట్లు విప్పి మొత్తం తీసేయండి. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు దూది బదులు గాజుగుడ్డ వాడమని ముందే అడగండి, అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

వెల్వెట్ లాంటివాటిని జీవితాంతం తాకకపోయినా నష్టం లేదు. అయితే ఈ ఇబ్బందితో వైద్య పరీక్షలనో, ఉద్యోగంలో పనులనో మానుకుంటున్నట్లయితే ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవండి. ఇబ్బంది పెట్టే వస్తువును కొన్ని క్షణాలతో మొదలుపెట్టి, ఎప్పుడు ఆపాలన్నది మీ చేతుల్లోనే ఉంచుకుంటూ మెల్లగా అలవాటు చేసుకునే పద్ధతిని వారు నేర్పుతారు. ‘అలవాటైపోతుందిలే’ అంటూ బలవంతంగా చేతిలో దూది పెట్టడం మాత్రం భయాన్ని పెంచుతుంది. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు తప్పక చదివి వినిపించండి.

మీకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి కంగారు అక్కర్లేదు. కానీ బట్ట తగిలినా మంట, నొప్పి పుట్టడం ఈమధ్యే మొదలైనా, ఒకవైపే ఉన్నా, తిమ్మిర్లు తోడైనా అది నరాల సమస్య కావచ్చు. మధుమేహం, విటమిన్ బి12 లోపం, సర్పి వల్ల అలా జరిగే అవకాశం ఉంటుంది కనుక ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించుకోండి. చర్మం ఎర్రబడి దద్దుర్లు వస్తుంటే ముందుగా చర్మవైద్యుల్ని సంప్రదించండి.