పలమనేరు పంపు, కానీ చెప్పి పంపు

బెంగళూరు,
ఆదివారం

చిట్టీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకూ మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. ఎవరిదో స్కూటరు తీసుకెళ్లిన గొడవలో పోలీసులొచ్చి మీ అబ్బాయి పేరు రాసుకెళ్లారని, వాణ్ని రేపు పొద్దున్నే బస్సెక్కించి పలమనేరులో మీ తమ్ముడింట్లో దింపేస్తానన్నావు. కోలారు, ముళబాగిలు దాటి ఆంధ్రాలో పడితే చాలు, పోలీసులు మళ్లీ వచ్చినా ఇంట్లో లేడని చెప్పేయొచ్చన్నది నీ ఆలోచన. పంపడం తప్పని నేననను. రేపు పొద్దున్న మాత్రం వద్దు.

మా పెద్దాడి సంగతి నీకు పూర్తిగా తెలీదు, అప్పటికి నువ్వు చిన్నపిల్లవి. వాడికి పదహారేళ్లు. ట్యూషన్ దగ్గర కొట్లాటలో ఒక పిల్లాడి తల పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. మేము రాత్రికి రాత్రే వీణ్ని నెల్లూరు పంపేశాం. మూడో రోజు పోలీసులొస్తే మీ పెద్దనాన్న "ఎక్కడున్నాడో తెలీదండీ" అన్నారు. ఆ ఒక్క మాట మా మెడకు చుట్టుకుంది. చివరికి పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడ్డప్పుడు కుట్ల గురించి ఎవరూ పెద్దగా అడగలేదు. ఎందుకు దాచారు, మళ్లీ దాచరని నమ్మకమేంటి అని అడిగారు. వాడు పదకొండు రోజులు అబ్జర్వేషన్ హోమ్‌లో, అంటే కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే చోట, ఉన్నాడు. ఆ పదకొండు రోజులూ మా తెలివితేటల పుణ్యమే.

ముందు కేసుందో లేదో తేల్చుకో. పోలీసు వచ్చి పేరు రాసుకెళ్లినంత మాత్రాన కేసైనట్టు కాదు. పద్దెనిమిది నిండని పిల్లల మీద మామూలుగా ఎఫ్‌ఐఆర్ రాయరు, స్టేషన్ డైరీలో రాసుకుని బోర్డుకు తెలియజేస్తారు. నేరం మరీ ఘోరమైనదైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసుంటేనో ఎఫ్‌ఐఆర్ రాస్తారు. స్కూటరు తీసుకెళ్లిన ముగ్గురిలో ఒకడికి పంతొమ్మిదేళ్లన్నావు చూడు, నా అనుమానమంతా అక్కడే. స్టేషన్‌కు నువ్వూ అల్లుడుగారూ మాత్రమే వెళ్లకండి, లాయరుతో వెళ్లండి. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది, 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. స్టేషన్లో చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ అని పిల్లల కోసం ఒకరుంటారు, వారినే కలవండి. మీ అపార్ట్‌మెంట్లో ఎవరో "నాకు తెలిసినవాళ్లున్నారు, సెటిల్ చేయిస్తా" అంటున్నారట. ఆయనకు కాఫీ ఇచ్చి పంపించెయ్.

నీ టెన్షనంతా లాకప్ గురించే కదా. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని లాకప్‌లోనూ పెట్టకూడదు, జైల్లోనూ పెట్టకూడదు. పట్టుకుంటే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, ఆ ఇద్దరిలో ఒక్కరైనా ఆడవాళ్లుంటారు. మామూలుగా బెయిలు ఇవ్వాల్సిందే. వదిలితే చెడు సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో అనిపిస్తేనే ఆపుతారు. ఆ పెద్ద కుర్రాడు మీ కింది అంతస్తులోనే ఉంటాడు. "వాడి సావాసం తప్పించడానికి మేనమామ దగ్గర ఉంచుతాం, ఇదిగో అడ్రసు, ఇదిగో ఆయన సంతకం" అని నువ్వే చెబితే అది నీకు బలం. చెప్పకుండా పంపితే అదే పలమనేరు పారిపోయిన ఊరవుతుంది. బస్సు టికెట్ రెండింటికీ ఒకటే.

బోర్డు దాకా వెళ్తే ప్రొబేషన్ ఆఫీసరు ఇంటి పరిస్థితి విచారించి రెండు వారాల్లో రిపోర్టు ఇవ్వాలి. ఆయనకు నీ ఆలోచన ముందే చెప్పు. బెయిలు కాగితంలో ఊరు దాటకూడదని ఏమైనా ఉందేమో లాయరు చేత చదివించు, ఉంటే బోర్డు అనుమతి తీసుకున్నాకే కదలండి. వాడు వెళ్లినా కేసు ఇక్కడే నడుస్తుంది. విచారణ నాలుగు నెలల్లో ముగించాలి, ఇంకో రెండు నెలలు పొడిగించే వీలుంది. ప్రతి వాయిదాకూ వాణ్ని ఎవరు తీసుకొస్తారు? మీ తమ్ముడు కొట్టు మూసుకుని రాగలడా?

అసలు తమ్ముడికి నిజం చెప్పావా? "చదువు కోసం" అని చెప్పి ఉంటావని నాకు అనుమానం. మీ మరదలికి కూడా చెప్పాలి, అన్నం పెట్టాల్సింది ఆ పిల్లే.

ఇక చదువు. వాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ చదివేది కన్నడం. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి, వచ్చేస్తుందని అల్లుడుగారు అన్నారట. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వేరు, తొమ్మిదో తరగతిలో తెలుగు పద్యానికి భావం రాయడం వేరు. అక్కడి స్కూల్లో ఏ భాషలు తీసుకోవచ్చో అడగకుండా ఇక్కడ టీసీ తీసుకోకు. కుదరకపోతే పరీక్షలయ్యేదాకా మా ఇంట్లో ఉంచు. జయనగర్ నుంచి మీ బీటీఎం ఎంత దూరం? ఈ ముసలిదానికి తోడూ ఉంటాడు.

వాడి ఫోన్ రీసెట్ చేస్తామన్నారు, ముట్టుకోవద్దని చెప్పు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సీసీటీవీ బొమ్మ పెట్టారు కదా, దాన్ని చెరపకుండా ఉంచి లాయరుకు చూపించు. కేసులో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా బయటపెట్టడాన్ని ఆ చట్టమే నిషేధించింది.

ఇంకొకటి, వాణ్ని అడిగావా? మా పెద్దాడికి ఇప్పుడు పెళ్లయింది, పిల్లలున్నారు. హోమ్‌లో క్యారమ్స్ ఆడిన సంగతి నవ్వుతూనే చెబుతాడు. నెల్లూరు మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు. నిద్రలో లేపి బస్సెక్కించాం, ఎందుకో చెప్పలేదు.

మంగళవారం సాయంత్రం ఆరింటికి నాకు తెలిసిన లాయరమ్మ దగ్గర టైమ్ తీసుకున్నాను. వాడి స్కూలు సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ పట్టుకురా, వయసు తేల్చడానికి ముందు చూసేది వాటినే. వాణ్నీ తీసుకురా. బయట కుర్చీలో కూర్చోబెట్టకు, లోపలికే రానీ.

మీ పెద్దమ్మ