ఊరి జనాభా చూసి ఆఫర్ ఎంచుకోకండి

పోయిన నెల ఒక రాత్రి పదకొండింటికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఎమ్మెస్ అయిపోయింది, చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, రెండోది మా అట్లాంటా వైపు. జీతాల్లో పెద్ద తేడా లేదు. "పిన్నీ, జాక్సన్‌విల్‌కే వెళ్దామనుకుంటున్నా. అట్లాంటాకి దాదాపు రెట్టింపు ఊరు కదా, రేపు ఈ ఉద్యోగం పోయినా అక్కడే ఇంకోటి దొరుకుతుంది" అన్నాడు. వాడు చూసిన అంకెల్లో తప్పేమీ లేదు. 2020 జనాభా లెక్కల్లో జాక్సన్‌విల్ 9,49,611, అట్లాంటా 4,98,715. కాకపోతే ఆ అంకెలు చెప్పేది వాడనుకున్న సంగతి కాదు. ఇదే పొరపాటు కొత్తగా వచ్చే పిల్లలు చాలామంది చేయడం చూస్తున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. నేను పెళ్ళికి ముందు కూకట్‌పల్లిలో ఉండేదాన్ని. అప్పట్లో కూకట్‌పల్లి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో లేదు, దాని మునిసిపాలిటీ దానిదే. ఎల్బీ నగర్, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్ కూడా అంతే. ఎవరైనా ఏ ఊరని అడిగితే మాత్రం అందరం హైదరాబాదనే చెప్పేవాళ్ళం. 2007లో ఇలాంటి 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. కాగితం మీద నగర జనాభా ఒక్కసారిగా పెరిగిపోయింది. అమీర్‌పేట బస్సులో మాత్రం మర్నాడు కూడా ఆ పాత జనమే ఎక్కారు.

జాక్సన్‌విల్‌లో అలాంటి కలయిక 1968లోనే జరిగింది. నగరాన్ని, చుట్టూ ఉన్న డువాల్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కలిపి ఒకే పాలన కిందకి తెచ్చారు. అందుకే అలాస్కాను, హవాయిని పక్కన పెడితే విస్తీర్ణంలో అమెరికా మొత్తమ్మీద అదే పెద్ద నగరం. అట్లాంటా అలా కలవలేదు. శాండీ స్ప్రింగ్స్, ఆల్ఫారెటా, జాన్స్ క్రీక్, మారియెటా, వీటిలో ప్రతిదానికీ సొంత మేయరు, సొంత పోలీసులు. ఆ జనమంతా అట్లాంటా లెక్కలోకి రారు. చుట్టుపక్కల కౌంటీలన్నీ కలిపి మెట్రోగా చూస్తే అదే 2020 లెక్కల్లో అట్లాంటాకి దాదాపు 61 లక్షలు, జాక్సన్‌విల్‌కి 16 లక్షలు. మావాడు రెట్టింపు అనుకున్న ఊరు నిజానికి నాలుగో వంతు.

అవే 2020 లెక్కల్లో ఇంకో జత చెప్తాను. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో 14 లక్షల పైచిలుకు జనం, బోస్టన్‌లో 7 లక్షలు కూడా లేరు. మెట్రోగా చూస్తే శాన్ ఆంటోనియో 25 లక్షల పైన, బోస్టన్ 49 లక్షలు. టెక్సాస్ నగరాలు పెరుగుతున్న కొద్దీ పక్క భూముల్ని తమలో కలుపుకుంటూ పోయాయి. బోస్టన్‌కి కేంబ్రిడ్జ్, బ్రూక్‌లైన్ లాంటి పాత ఊళ్ళు చుట్టూ గోడ కట్టినట్టు ఉన్నాయి, పెరగడానికి చోటే లేదు. మయామీ అయితే ఆ లెక్కల్లో నగరం నాలుగున్నర లక్షలు కూడా లేదు, మెట్రో మాత్రం 61 లక్షలు దాటింది.

మరి ఒక ఊరు నిజంగా ఎంత పెద్దదో చూడ్డానికి నేను వాడే కొలత ఇంకొకటి ఉంది. అది మీడియా మార్కెట్. నీల్సన్ అనే సంస్థ దేశాన్ని 210 టీవీ మార్కెట్లుగా విడగొట్టింది. ఒక కౌంటీలో జనం ఏ ఊరి టీవీ స్టేషన్లు చూస్తారో దాన్నిబట్టి ఆ కౌంటీని ఆ మార్కెట్లో వేస్తారు. నగరం సరిహద్దు ఎక్కడ, మేయరు ఎవరు అన్నది చూడరు. అట్లాంటా మొదటి పది మార్కెట్లలో ఉంటుంది, బోస్టన్ కూడా అంతే. శాన్ ఆంటోనియో 30 దరిదాపుల్లో, జాక్సన్‌విల్ 40 దరిదాపుల్లో ఉంటాయి. అన్నిటికన్నా పైన న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగో. అన్నిటికన్నా కింద, 210వ స్థానంలో మోంటానాలోని గ్లెన్‌డైవ్. ఆ ఊరి జనాభా ఐదు వేల లోపే.

శాండియేగో ఇందులో ఆశ్చర్యంగా కనిపిస్తుంది. 13.8 లక్షల నగరం, మార్కెట్ల వరసలో మాత్రం 30 దగ్గర తేలుతుంది. పడమర సముద్రం, దక్షిణాన మెక్సికో సరిహద్దు, తూర్పున ఎడారి, ఉత్తరాన లాస్ ఏంజెలెస్ మార్కెట్. పక్క కౌంటీలను చేర్చుకునే వీలు లేదు.

కౌంటీ అన్న మాట ఇన్నిసార్లు ఎందుకంటున్నానంటే, అది తెలియక ఒక రాత్రి మేం పడిన భయం నాకింకా గుర్తుంది. అట్లాంటాకి ఉత్తరాన ఉన్న కమింగ్‌కి మారి మూడు వారాలైంది. మార్చి నెల. రాత్రి రెండింటికి ఎక్కడో టోర్నడో సైరన్ మోగుతోంది, టీవీ పెడితే వాతావరణం చెప్పే ఆయన మ్యాప్ ముందు నిలబడి గబగబా పేర్లు చదువుతున్నాడు. డాసన్, ఫోర్సైత్, హాల్. మ్యాప్ మీద గీతలు తప్ప ఊళ్ళ పేర్లు లేవు. నేను కమింగ్ ఎక్కడుందా అని వెతుకుతున్నాను, మావారు సొరుగులోంచి లీజు కాగితాలు తీసి టార్చిలైటు వేసి చూస్తున్నారు. మూడో పేజీలో దొరికింది, ఫోర్సైత్ కౌంటీ అని. అప్పుడు పాపని బొంతలో చుట్టుకుని కిటికీ లేని బాత్రూంలోకి వెళ్ళి టబ్బులో కూర్చున్నాం. టోర్నడో మా వైపు రాలేదు. మీరు మాత్రం ఇల్లు తీసుకున్న రోజే మీ కౌంటీ పేరు, పక్క కౌంటీల పేర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. చిన్న యాంటెనా ఒకటి కొని టీవీకి తగిలించండి. స్థానిక చానళ్ళు ఉచితంగా వస్తాయి, ఇంటర్నెట్ పోయిన రాత్రి కరెంటుంటే అవి పనికొస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వీసా మీద ఉన్నవాళ్ళకి మార్కెట్ సైజు అన్నది సరదా లెక్క కాదు. ఓపీటీలో, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే వీలులో, మొత్తం కలిపి 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్ళకి దొరికే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ వచ్చాక ఆ లెక్క 150 అవుతుంది. కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా హెచ్‌1బీలో ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు, దేశంలో ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే ఐ-94 ముందే అయిపోతే అంతవరకే. ఆ 60 రోజుల్లో కొత్త కంపెనీ దొరకాలి, ఇంటర్వ్యూలు అవ్వాలి, ఆ కంపెనీ మన తరఫున వీసా పిటిషన్ వేయాలి. ఆ టెన్షన్‌లో ఇల్లు ఖాళీ చేసి రాష్ట్రం మారడం కూడా తోడైతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా మొదటి ఊరు అలాంటిదే. ఊరి పేరు వద్దులెండి. చెప్పుకోదగ్గ ఆఫీసు ఒక్కటే, మన పని చేసేవాళ్ళంతా అందులోనే. 2008లో ప్రాజెక్టు ఆగిపోయింది. అప్పటికి ఈ 60 రోజుల వెసులుబాటు లేదు, 2017లో వచ్చింది. లీజు మధ్యలో వదిలేసినందుకు రెండు నెలల అద్దె కట్టాం. సోఫా, డైనింగ్ టేబుల్ ఎంతకు పోతే అంతకు ఇచ్చేశాం. మిగిలిన సామాను కారులో, ఒక చిన్న ట్రెయిలర్‌లో సర్దుకుని రెండు రోజులు డ్రైవ్ చేసి ఇక్కడికి వచ్చాం. వచ్చాక మావారు మూడు కంపెనీలు మారారు. రెండుసార్లు లేఆఫే. ఇల్లు మాత్రం ఇప్పటివరకు మారలేదు, పాప బడి మారలేదు. పెద్ద మార్కెట్‌లో ఉండడం వల్ల నాకు దక్కిన మేలు ఇదీ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. టీవీ మార్కెట్, జనాభా లెక్కల మెట్రో ఒకటి కావు, వీసాకి పనికొచ్చేది రెండోది. హెచ్‌1బీలో మీరు పనిచేసే చోటు ఒకే మెట్రోలో మారితే సవరణ పిటిషన్ అక్కర్లేదు. ఆ మెట్రో దాటితే సాధారణంగా కావాలి. నార్త్ కరోలినాలోని రాలీ, డర్హమ్ టీవీలో ఒకే మార్కెట్, అందరూ ఒకే ఊరన్నట్టు మాట్లాడతారు. జనాభా లెక్కల్లో మాత్రం అవి రెండు మెట్రోలు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కేరీ రాలీ వైపు వస్తుంది, ఆఫీసులున్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ చాలా భాగం డర్హమ్ వైపు. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసేలదీ ఇదే కథ. టీవీకి ఒక మార్కెట్, మెట్రోలు రెండు. న్యూజెర్సీలోని ఎడిసన్ న్యూయార్క్ మెట్రోలో ఉంటుంది, అక్కడికి అరగంట దూరంలోని ప్రిన్స్‌టన్ ట్రెంటన్ మెట్రోలోకి వెళ్తుంది, టీవీకైతే ఫిలడెల్ఫియా మార్కెట్. రోజూ వెళ్ళివచ్చే దూరమే అయితే వేరే లెక్క ఉండొచ్చు. అందుకే మేనేజరు "ఆ ఆఫీసుకి మారిపో, పక్కనేగా" అంటే వెంటనే సరేననకండి, మారేముందు కంపెనీ లాయరుని ఈమెయిల్‌లో అడగండి. జవాబు దాచుకోండి.

చిన్న ఊళ్ళు వద్దని నా ఉద్దేశం కాదు. ఆర్కన్సాలోని బెంటన్‌విల్ 2020లో 54 వేల ఊరు, మార్కెట్ వరసలో ఎక్కడో వంద దగ్గర ఉంటుంది. అయినా వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే, దానికి సరుకు అమ్మే కంపెనీల ఆఫీసులూ అక్కడే, మన కుటుంబాలు బాగానే స్థిరపడ్డాయి. జాక్సన్‌విల్‌లోనూ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఎఫ్‌ఐఎస్ లాంటి పెద్ద సంస్థ ఉంది. మీ పని ఆ రంగానిదే అయితే అది మంచి చోటే. ఆఫర్ వచ్చినప్పుడు చూడాల్సింది ఒకటే: ఇల్లు మారకుండా కారులో వెళ్ళగలిగే దూరంలో, మీ పనికి మనుషుల్ని తీసుకునే కంపెనీలు ఎన్నున్నాయి? ఒక సాయంత్రం కూర్చుని జాబ్ సైట్‌లో మీ టెక్నాలజీ పేరు, ఆ ఊరి జిప్ కోడ్, 25 మైళ్ళు అని కొట్టి చూడండి. రెండు ఆఫర్లకీ అదే చేయండి. కళ్ళ ముందే తేలిపోతుంది.

పెద్ద మెట్రో అంటే అన్నీ దగ్గరని కూడా అనుకోవద్దు. మా కమింగ్ నుంచి అట్లాంటా డౌన్‌టౌన్ 40 మైళ్ళు. అట్లాంటా సిటీ రైలు మార్టా శాండీ స్ప్రింగ్స్‌లోని నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్‌తో ఆగిపోతుంది, మా కౌంటీకి రాదు. పొద్దున ఎనిమిదింటికి 400 రోడ్డు మీద బ్రేకు లైట్లే కనిపిస్తాయి. ఆఫీసు మెట్రోలో ఏ మూలన ఉందో చూసి, ఇల్లు ఆ మూలనే వెతుక్కోండి.

ఇదంతా మావాడికి ఫోన్లో గంటసేపు చెప్పాను. మధ్యలో వాడి అన్నం చల్లారిపోయింది పాపం. రెండు రోజులు ఏ కబురూ లేదు. మూడో రోజు పొద్దున్నే మెసేజ్ పెట్టాడు: "పిన్నీ, ఆఫీసు ఆల్ఫారెటాలోనట. అది ఏ కౌంటీ?"

ఫుల్టన్ అని పంపాను.