మాస్కోలో జులై, న్యూయార్క్‌లో డిసెంబర్

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే రాసిన సోవియట్ నాటకం ‘రష్యన్ ప్రజలు’ అప్పట్లోనే అమెరికాలో ఆడారని విన్నాను. నిజమేనా? హిట్టయిందా?

జవాబు: ఆడారు, హిట్ మాత్రం కాలేదు. రాసింది కాన్‌స్టాంటిన్ సిమొనోవ్. అప్పటికి 26 ఏళ్లవాడు, సైన్యం పత్రిక ‘క్రాస్నయా జ్వెజ్దా’ విలేకరిగా యుద్ధభూమిలోనే తిరుగుతున్నాడు. 1942 జులైలో మాస్కోలో తొలి ప్రదర్శన. పెద్ద థియేటర్లు ఊరు ఖాళీ చేసి వెళ్లిపోతే వెనక మిగిలిన నటీనటులతో గొర్చకోవ్ అనే దర్శకుడు ఆడించాడు. ఆ వెంటనే కమ్యూనిస్టు పార్టీ దినపత్రిక ‘ప్రావ్దా’ ఈ నాటకం మొత్తాన్ని నాలుగు రోజులపాటు వరసగా అచ్చేసింది. అటు చూస్తే జర్మన్లు స్టాలిన్‌గ్రాడ్ వైపు తోసుకొస్తున్నారు, పేపర్లో యుద్ధవార్తలకే చోటు చాలని రోజులు, అయినా ఒక నాటకానికి అంత జాగా ఇచ్చారంటే దాని అవసరం ఎంతనుకున్నారో ఊహించుకోండి. అదే ఏడాది డిసెంబర్ 29న న్యూయార్క్‌లో థియేటర్ గిల్డ్ అనే నాటక సంస్థ వాళ్లు తెర లేపారు. అమెరికన్ స్టేజీకి సరిపడేలా మళ్లీ రాసింది అక్కడి నాటకకర్త క్లిఫర్డ్ ఓడెట్స్, దర్శకుడు హెరాల్డ్ క్లర్మన్. ఇద్దరూ గట్టివాళ్లే. 39 ప్రదర్శనలతో సరి, జనవరి చివరికల్లా ఎత్తేశారు.

ప్రశ్న: అంత పేరున్నవాళ్లు చేసినా అక్కడ ఎందుకు ఆడలేదంటారు?

జవాబు: నన్నడిగితే లోపం ఓడెట్స్‌ది కాదు, ప్రేక్షకుడిది కూడా కాదు. నాటకంలో రష్యన్ దళంలోని గ్లోబా అనే వైద్యసహాయకుడి సీను చూడండి. జర్మన్లను తప్పుదోవ పట్టించడానికి, పారిపోయి వచ్చినవాడిలా నటిస్తూ వాళ్ల దగ్గరికే వెళ్లమని దళనాయకుడు కెప్టెన్ సఫోనోవ్ అతన్ని పంపుతాడు. గ్లోబా తిరిగి రాడని ఇద్దరికీ తెలుసు. అతను నైటింగేల్ పిట్టా, నైటింగేల్ పిట్టా అన్నట్టుండే ఓ మామూలు సిపాయి పాట పాడుకుంటూ వెళ్లిపోతాడు, అంతే, పెద్ద డైలాగులేమీ లేవు. మాస్కోలో చూసేవాడి అన్నో తమ్ముడో అప్పటికి ఫ్రంట్‌లో ఉన్నాడు, ఆ పాటకు మిగతాదంతా వాడే పూరించుకుంటాడు. న్యూయార్క్‌లో కూర్చున్నవాడికి రష్యా అంటే మిత్రదేశం, జాలి, గౌరవం ఉన్నాయి, కాదనను, కానీ గౌరవంతో టిక్కెట్లు తెగవు కదా! పైగా రచనలో తొందర కనిపిస్తుంది, ద్రోహి మొదట్నుంచీ ద్రోహిలాగే ఉంటాడు. ఇంట్లో మంటలంటుకున్నప్పుడు అవన్నీ పట్టవు, దూరం నుంచి చూసేవాడికి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడతాయి.

తమాషా ఏమిటంటే డబ్బుకి కటకటలాడుతున్న ఆ గిల్డే 1943 మార్చిలో ‘ఓక్లహోమా!’ అనే మ్యూజికల్ వేసి ఏళ్ల తరబడి ఆడించుకుంది.

ప్రశ్న: ఇంకెక్కడైనా వేశారా? ఇప్పుడు ఇంగ్లిష్‌లో చదవడం కుదురుతుందా?

జవాబు: లండన్‌లో ఓల్డ్ విక్ బృందం 1943లో ‘ది రష్యన్స్’ అని వేసింది. ఆ పేరుతోనే 1944లో ‘ఫోర్ సోవియట్ వార్ ప్లేస్’ అనే సంకలనంలో వచ్చింది. పాత పుస్తకాల్లో దొరికితే వదలకండి, లియోనోవ్ ‘దండయాత్ర’, కొర్నేయ్‌చుక్ ‘ఫ్రంట్’ కూడా అందులోనే ఉన్నాయి. ‘ఫ్రంట్’ అయితే సొంత జనరల్స్‌నే ఏకిపారేసిన నాటకం, దాన్నీ ‘ప్రావ్దా’నే అచ్చేసింది! చదివే ఓపిక లేకపోతే సిమొనోవ్ నాటకాన్నే పుదోవ్‌కిన్, వసీల్యెవ్ కలిసి 1943లో ‘మాతృభూమి పేరిట’ అని సినిమా తీశారు, అది చూడండి.