ఆజాద్ హింద్ ఫౌజ్ చరిత్ర: ఆధారాలెక్కడ, బోధన ఎలా?

ప్రశ్న: తొమ్మిది, పది తరగతులకు సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. ఆజాద్ హింద్ ఫౌజ్ గురించి అంతర్జాలంలో వెతికితే నేతాజీ అదృశ్యం గురించిన వాదోపవాదాలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. సైన్యం చరిత్రను ఆధారాలతో చెప్పడం ఎలా? ప్రభుత్వం అధికారిక చరిత్ర ఏదైనా రాయించిందా?
– ఒక ఉపాధ్యాయిని, కాకినాడ

జవాబు: రాయించింది, కానీ అచ్చు వేయించలేదు. రక్షణ శాఖ కోసం ఆచార్య ప్రతుల్ చంద్ర గుప్తా 1949–50లో ఈ చరిత్రను సంకలనం చేశారు. ఆ రాతప్రతిని బయటపెట్టాలని కేంద్ర సమాచార కమిషన్ 2007లో ఆదేశించగా వివాదం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. సొంత ఖర్చుతో రాయించిన పుస్తకాన్ని అరవై ఏళ్లు దాటినా ప్రజలకు అందించకపోవడం ఏ కారణంతోనూ సమర్థించదగినది కాదని మా అభిప్రాయం.

అయితే ఆధారాలకు లోటు లేదు. రక్షణ శాఖ 1997లో ఈ ఫౌజ్‌కు సంబంధించిన 990 ఫైళ్లను జాతీయ అభిలేఖాగారానికి (నేషనల్ ఆర్కైవ్స్) అప్పగించింది. ఆ సంస్థ నడిపే ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైట్‌లో దస్త్రాల జాబితాలను ఇంటి నుంచే చూడవచ్చు. వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఫౌజ్ స్వంత కాగితాలలో చాలా భాగం ఓటమి సమయంలో ధ్వంసమైపోగా, మిగిలిన రికార్డులో పెద్ద వాటా బ్రిటిష్ గూఢచారి విభాగం పట్టుబడిన సైనికులను ప్రశ్నించి రాసుకున్నదే. విధేయతను బట్టి వారిని తెలుపు (విధేయులు), బూడిద (మధ్యస్థులు), నలుపు (బ్రిటిష్ దృష్టిలో ద్రోహులు) అని మూడు తరగతులుగా విడదీసేవారు. కోర్ట్ మార్షల్ (సైనిక న్యాయస్థానం విచారణ) భయం తలపై ఉన్న మనిషి తాను బలవంతం మీద చేరానని చెబితే, అది నిజమూ కావచ్చు, ప్రాణరక్షణ కోసం చెప్పిన మాటా కావచ్చు. ఈ వాంగ్మూలం ఎవరు, ఎవరికి, ఏ భయంతో ఇచ్చారన్న ప్రశ్న పిల్లలకు అలవాటు చేస్తే, తేదీల పట్టిక కంఠస్థం చేయించడం కంటే ఎక్కువ చరిత్ర నేర్పినట్లే.

తరగతికి అన్నిటికంటే అనువైనది ఎర్రకోట విచారణ. 1945 నవంబర్ 5న ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై అది మొదలైంది. పరాధీన జాతికి విముక్తి కోసం యుద్ధం చేసే హక్కు ఉంటుందని, అందువల్ల ఇది రాజద్రోహం కాదని వారి తరఫు న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ వాదించారు. కోర్టు యావజ్జీవ ప్రవాస శిక్ష విధించినా, దేశంలోని ఆగ్రహాన్ని గమనించిన సర్వసైన్యాధ్యక్షుడు ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దుచేసి, ఉద్యోగాల నుంచి తొలగించడంతో సరిపెట్టాడు. ఇరుపక్షాల వాదనలూ అచ్చులో ఉన్నందున విద్యార్థులు రెండు జట్లుగా చర్చించవచ్చు.

ఇంకొకటి విడవకుండా చెప్పండి. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయినప్పుడు 40,000కు పైగా భారతీయ సైనికులు జపాన్‌కు చిక్కారు. ఫౌజ్ మొదట ఈ యుద్ధఖైదీలతోనే ఏర్పడినా, వారందరూ అందులో చేరలేదు. చేరనివారిలో అనేకులు న్యూగినీ వంటి చోట్ల నిర్బంధ శ్రమతో నశించారు. వీరిని వదిలేస్తే చేరినవారు తీసుకున్న నిర్ణయం ఎంత కష్టమైనదో కూడా అర్థం కాదు. మరోవైపు సైనికులు కాని వేలమంది, ముఖ్యంగా మలయా (నేటి మలేసియాలో భాగం) రబ్బరు తోటల కూలీలు, 1943లో నేతాజీ పిలుపుతో చేరారు. వారిలో అత్యధికులు తమిళులు, తెలుగువారూ ఉన్నారు. జర్మనీ నుంచి నేతాజీతో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ మన హైదరాబాదువాడే.

ప్రశ్న: మా తాతగారు మలయాలో ఫౌజ్‌లో పనిచేశారు. ఆయన పింఛను కాగితాలు, ఒక ఫోటో శిథిలమవుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి, రెండూ కాగితాన్ని పాడుచేస్తాయి. ముందుగా రెండు వైపులా స్కాన్ చేయించి, అసలు ప్రతులను ఆమ్లం లేని కాగితపు కవర్లలో, తేమ తగలనిచోట ఉంచండి. ఫోటో వెనుక పెన్నుతో రాయవద్దు. అందులో ఎవరున్నారో, ఎక్కడ తీశారో వేరే కాగితం మీద రాసి జతచేయండి. పింఛను దరఖాస్తును మామూలు ఆఫీసు కాగితంగా చూడకండి. 1972లో మొదలైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను కోసం అనేకమంది తాము ఏ దళంలో, ఎక్కడ పనిచేశారో, ఎక్కడ నిర్బంధంలో ఉన్నారో అందులోనే తెలియజేశారు. విచారణాధికారి ముందు కాక, స్వేచ్ఛగా చెప్పుకున్న మాటలు కనుక వాటి విలువ వేరు. ఒక ప్రతిని రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారానికి ఇచ్చి, రసీదు తీసుకోండి.