మీ ప్రశ్నలు – మా జవాబులు: మలయ్ తలపాగా ‘తంజక్’ కట్టడం

ప్రశ్న: మలేషియాలో ఉంటున్నాను. కుట్టుపని బాగానే వచ్చు. ఇక్కడి పెళ్లిళ్లలో వరుడు పెట్టుకునే తంజక్ కట్టడం నేర్చుకుంటున్నాను. కట్టినప్పుడు బిగుతుగానే ఉంటుంది, గంట తిరిగేసరికి నుదుటి మీదికి జారుతోంది. ముడి సరిగ్గా పడటం లేదా?

జవాబు: ముడిది కాదు తప్పు, మడత అంచుది. తంజక్‌కి చదరపు బట్టను ఐమూలగా మడుస్తాం కదా, నుదుటి మీదికి వచ్చే అంచు క్రాస్‌లో పడుతుంది. క్రాస్ అంచు లాగిన కొద్దీ సాగుతుంది, చెమట తగిలితే ఇంకా వదులవుతుంది. జాకెట్టు మెడకి మీరు క్రాస్ పీస్ వేసేది ఆ సాగే గుణం కోసమే. ఇక్కడ అదే ఎదురు తిరుగుతోంది.

అందుకని మడత లోపల, అంచుకి ఆనించి, నిలువు పోగు మీద కత్తిరించిన 4 సెం.మీ. వెడల్పు బక్రం (బట్ట బిర్రుగా నిలవడానికి లోపల వేసే గట్టి గుడ్డ) పట్టీ పెట్టి కచ్చా కుట్టు వేయండి. ఇస్త్రీతో అంటుకునే రకం బక్రం సొంగ్‌కెట్‌కి (జరీతో నేసే మలయ్ బట్టకి) వద్దు. ఇప్పటి జరీ చాలావరకు ప్లాస్టిక్ పొర మీద మెరుపు పూసినదే, వేడికి ముడుచుకుపోతుంది. తప్పనిసరైతే వెనకవైపు నుంచి, పైన నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడి మీదే నొక్కండి.

కొలత కూడా చూసుకోండి. మీటరు చదరానికి ఐమూల దాదాపు 141 సెం.మీ. తల చుట్టుకొలత 57 అనుకుంటే ముడికి ఒక్కో వైపు 42 మిగులుతుంది. 90 సెం.మీ. బట్టకైతే 35 మాత్రమే. పల్చటి నూలుకి అది చాలు. మందపాటి సొంగ్‌కెట్ ముడిలోనే చాలా పొడవు మింగేస్తుంది కాబట్టి మీటరుకి తగ్గకండి.

ప్రశ్న: కింది పట్టీలో మెట్లలాంటి మడతలు వేశాక పైన శిఖకి బట్ట చాలడం లేదు. వేసిన శిఖ కూడా వాలిపోతోంది.

జవాబు: కింది పట్టీని ‘తపక్’ అంటారు, వెనక ముడి ‘సింపుల్’, పైకి లేచేది ‘పుచుక్’. మీటరు బట్టను మడిస్తే త్రికోణం ఎత్తు 70 సెం.మీ. వస్తుంది. 4 సెం.మీ. లోతు కుచ్చు ఒక్కోటి 8 సెం.మీ. బట్ట తినేస్తుంది. మూడు వేస్తే 24 పోయి, తపక్‌తో కలిపి 46 మిగులుతుంది. లోతు 3కి తగ్గిస్తే 52 ఉంటుంది. పైకి కనబడేది ఒక్కో మెట్టుకి 1 సెం.మీ. అంచే కాబట్టి, లోతు తగ్గినా అందం తగ్గదు. అయితే ఆ 1 సెం.మీ. అన్నిచోట్లా సమానంగా ఉండాలి. తలముందు ఒక మెట్టు వంకరపోతే పైన ఎంత పనితనం చూపినా చూపు అక్కడికే పోతుంది. ప్రతి 5 సెం.మీ.కి ఒక గుండుసూది గుచ్చి, కుట్టాకే తీయండి.

శిఖ వాలడానికి కారణం జరీ బరువు. రెండు పొరల మధ్య, అంచుకి 1 సెం.మీ. లోపలికి ఉండేలా బక్రం పెట్టండి. అంచుదాకా పెడితే మడత పదును పోయి మొద్దుగా కనిపిస్తుంది. నూలు బట్టకైతే చిక్కటి గంజి చాలు. సొంగ్‌కెట్‌ని మాత్రం గంజిలో ముంచకండి.

కొత్త శైలి ఏదైనా ముందు 60 సెం.మీ. గోధుమరంగు కాగితం మీద మడవండి. ఒక్కో మడత మీద పెన్సిల్‌తో అంకె వేసి, విప్పి చూస్తే వరస మొత్తం అర్థమవుతుంది. బట్ట విప్పితే ఇంత స్పష్టంగా తెలియదు.

ప్రశ్న: ‘దెందాం తక్ సుడా’ శైలి పెళ్లికొడుక్కి కట్టి ఇవ్వొచ్చా?

జవాబు: కట్టకపోవడమే మర్యాద. అది మలేషియాలోని నెగెరి సెంబిలాన్ రాష్ట్రపు రాచశైలి. 1957లో తొలి యాంగ్ ది-పెర్తువాన్ అగొంగ్ (మలేషియా రాజు) అయిన తువాంకు అబ్దుల్ రహమాన్ ఆ రాష్ట్రం వారే. అగొంగ్ రాచ తలపాగాను నేటికీ ఆ శైలిలోనే కడతారు. పసుపు కూడా సంప్రదాయంగా రాచరంగే, దాన్నీ వదిలేయండి. వరుడికి ‘లాంగ్ మెలాయాంగ్’ శైలి నిండుగా ఉంటుంది. బట్టను అతని దుస్తుల సొంగ్‌కెట్‌తోపాటే, ఒకే తానులోంచి అడిగి తీసుకోండి. వేరే తానైతే జరీ ఛాయలో తేడా తెలిసిపోతుంది.